లంకెబిందె కాని నేను

నేను ఒక బొగ్గు నలుసును. కందిగింజంత ఉంటాను. నన్ను తాకితే మసి అంటుతుందని మనుషులు చేతులు దులుపుకుంటారు. నాకైతే ఆ చేతులంటేనే అనుమానం.

ఒకప్పుడు తుమ్మకొమ్మను. గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చి పెరిగాను. ఇక్కడ ఊరే లేని కాలంలో కార్చిచ్చు రేగి, నావాళ్లంతా పొగై మళ్లీ గాలిలో కలిశారు. సగం కాలిన నేను వానకు కొట్టుకొచ్చి, నల్లరేగడి పగుళ్లలోంచి లోపలికి జారాను. బంకమట్టి నన్ను పిడికిట్లో పెట్టుకుంది. కంటికి కనపడని పురుగులు ఆకులను, వేళ్లను తిన్నాయి. నన్ను కొరికి చూసి వదిలేశాయి. పైన రాజులు పోయారు, పాలెగాళ్లు పోయారు. ప్రతివాడూ ఈ నేల నాదన్నాడు. నేల ఎవరినీ కాదనలేదు. దేవుడూ అంతేనేమో, నాకు తెలియదు.

చివరికి చేను ఓబుళమ్మకు వచ్చింది. మొన్న తొలివాన పడ్డాక, మట్టి పరీక్ష చేసే పర్వీన్ అనే అమ్మాయి ఇనుపగొట్టం దింపి, మట్టితోపాటు నన్నూ పైకి లాగింది. గట్టుమీదున్న ఓబుళమ్మ మరిది మద్దిలేటి కళ్లు మెరిశాయి.

"బొగ్గు! వదినా, లంకెబిందెలుండే చోట రాతలేనోళ్లకు బొగ్గులే కనపడతాయంట. ఈ పాప ఇంత లోతు ఊరికే దింపిందా?"

"నేనూ అదే చూస్తాండా," అంది ఓబుళమ్మ. "ఏం పాపా, నిజం చెప్పు. మా చేన్లో ఏం ఎతుకుతాండావు?"

"దీన్నేనమ్మా," అని పర్వీన్ నన్ను చూపించింది. "వేల ఏళ్లనాటి బొగ్గు. మట్టి పట్టుకుంది కాబట్టి ఇన్నాళ్లు ఉంది. కుళ్లిన వేళ్ల సారాన్నీ ఇట్లే దాచుకుంటుంది. తిరగదోడితే ఆ సారం మెల్లగా గాలిలో కలిసిపోతుంది."

"అబ్బో, ఎంత బాగ చెప్తాది!" మద్దిలేటి నవ్వి, నేను దొరికిన చోట గుర్తుగా ఒక రాయి పాతాడు. "జేసీబీ తెస్తా, నిలువులోతు తవ్విద్దాం" అంటూ వెళ్లాడు.

ఓబుళమ్మకు ఉన్నది ఆ ఒక్క చేనే. కింది చౌడు పైకొస్తే జొన్న మొలవదు. ఆమె పర్వీన్ వైపు అనుమానంగా చూసింది. మరిది వెళ్లిన దారివైపు ఇంకా అనుమానంగా చూసింది. నన్ను అరచేతిలోకి తీసుకుంది.

"ఆ సిరితల్లి బొగ్గుగా కనపడిందంటే బొగ్గుగానే ఉండనీ. బంగారం చెయ్యనీకి నేనెవరు?" అని గొణిగి, నన్ను గొట్టం దింపిన గుంతలో వేసి మట్టి కప్పింది. దండం పెట్టుకుంది. ఆ రాయి పీకి వంక నీళ్లలో పడేసింది.

పొద్దుగూకేలోపే జేసీబీ వచ్చింది.

"రాయి యాడ వదినా?"

"నీ రాత బాగల్యా మద్దిలేటీ. అదిగూడా బొగ్గయిపోయింటాది."

జేసీబీ ఊరికే తిరిగిపోయింది. మద్దిలేటి మాత్రం రోజూ వచ్చి చేనంతా చూపులతో కొలుస్తున్నాడు. నిప్పును దాటి వచ్చినదాన్ని నేను. ఆ చెప్పుల చప్పుడుకు ఇంకా ఉలిక్కిపడుతున్నాను.