ప్రాసెసర్ కష్టం

మా డైరెక్టర్ సీ లమీన్‌కు సోమరితనం అంటే ఒళ్ళుమంట. ఇతరుల సోమరితనం. స్ఫాక్స్ నగరంలో ఆలివ్ నూనె ఎగుమతి చేసే ఆయన కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేరి, ఉద్యోగం ఎప్పుడు ఖాయం చేస్తారా అని చూస్తున్నాను. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. ఖాయమైతే గానుగలో బస్తాలు మోయడం మానేస్తానని నాన్న మాటిచ్చారు.

నేను రాసిన ప్రోగ్రాము నూనె లెక్కలు కడుతుంది. ఒక్కో గానుగ లెక్క అవగానే ఆగి, సీ లమీన్ మీట నొక్కి ఆమోదించేదాకా కదలదు. ఆయన పెట్టిన నియమమే. ఆయన వేలు పడనిదే మా కంపెనీలో నూనె సీసాలో పడదు.

ఒకరోజు పిలిచారు. "ఏం అమ్మాయ్, పొద్దున మొదలెట్టిన లెక్క మధ్యాహ్నానికి గానీ తేలలేదు. ఇదేనా నీ చదువు?"

ఆ పొద్దంతా ఆయన ఎదురు కెఫేలో కాఫీ తాగుతున్నారని నేను అనలేదు. కొలిచి చూపించాను.

"సీ లమీన్, గోడ గడియారం చూపే సమయం వేరు, ప్రాసెసర్ నిజంగా పనిచేసిన సమయం వేరండీ. అది పనిచేసింది రెండు సెకన్లే. మిగతాదంతా ఎదురుచూపు."

"రెండు సెకన్లా!" ఆయన కుర్చీలోంచి లేచారు. మెచ్చుకుంటారనుకున్నాను. "పొద్దుట్నుంచీ చేసింది రెండు సెకన్ల పనా? కరెంటు డబ్బు నేను కట్టాలి, అది కునుకు తీయాలా?"

"మీ ఆమోదం కోసమేనండీ..."

"నాకోసం చూసేవాళ్ళు చేతులు కట్టుకుని చూడాలని ఎవరన్నారు? గురువారంలోగా దాన్ని దారిలో పెట్టు. లేదంటే నీ చోట్లో ఇంకొకర్ని చూసుకుంటా."

పక్క బల్ల నుంచి నజ్లా గొణిగింది: "పెట్టవే తల్లీ. ఆయన వస్తుంటే పనున్నా లేకపోయినా మనం కీబోర్డులు టకటకలాడించట్లేదూ? దానికీ నేర్పు."

నేర్పాను. ఆమోదం కోసం ఆగిన ప్రతిసారీ, ఊరికే అంకెలు లెక్కపెడుతూ ఉండమని రాశాను.

గురువారం సీ లమీన్ కెఫే నుంచి వచ్చేసరికి కంప్యూటర్‌లోని పంకా హోరెత్తిపోతోంది. పెట్టె మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశారు. కొలత చూశారు. ప్రాసెసర్ సమయం గోడ గడియారంతో సమానంగా ఉంది. లెక్క మాత్రం ఎప్పటిలాగే మధ్యాహ్నానికి గానీ తేలలేదు.

"పనంటే ఇదీ!" అన్నారు, వేళ్ళు ఊదుకుంటూ. "నీ ఉద్యోగం ఖాయం, అమ్మాయ్."

పాపం అంత కష్టపడుతోందని ఆ వారమే కంప్యూటర్‌కు ఏసీ పెట్టించారు. వేసవంతా అడిగి అడిగి ఊరుకున్న నేనూ నజ్లా, మా కుర్చీలు దాని పక్కకు జరుపుకున్నాం. నాన్న బస్తాలు దించేశారు. ఆఫీసులో ఎలా ఉందని అడిగితే, పని బాగా పెరిగిందని చెబుతున్నాను.