క్లైటో ఇంట్లో ఉరిమే కుండ

పొద్దున్నే పొయ్యి రాజేశాక క్లైటో చేసే మొదటి పని, కొట్టుగదిలో ఉరుముల దేవుడు జియస్ కుండకు నీళ్లు మార్చడం. కుండ చెవులకు తెల్ల ఉన్ని చుట్టి, నీళ్లలో కాస్త ఆలివ్ నూనె, గుప్పెడు బార్లీ వేసి దణ్ణం పెట్టుకునేది. ఊళ్లో ఇంటింటికీ అలాంటి కుండ ఉంది. వీళ్లది మాత్రం ఇంట్లో ఎవరు అబద్ధమాడినా ఉరుముతుంది. పాపం, ఆమె మొగుడు త్రాసోన్‌కి తాగొచ్చి తాగలేదని బుకాయించే సుఖం కూడా లేదు. మేకల బేరగాళ్లయితే ఆ వాకిట్లోకే రారు, బేరాలన్నీ వీధిలోనే.

ఆ పొద్దున కుండ పక్కన ఓ పిల్ల కనిపించింది. పేరు అబ్రో, తిరగళ్ల యజమాని లైకోన్ దగ్గర బానిస. వీపంతా కొరడా వాతలు. కుండ మీది ఉన్ని పట్టుకుని వదలదే!

"దేవుణ్ణి పట్టుకున్నానమ్మా. పంపెయ్యకు. దొరికితే నుదుట వాత పెడతానన్నాడు."

జియస్ శరణన్నవాళ్లను గెంటేస్తే ఆ ఇల్లు బాగుపడుతుందా? క్లైటో పిల్లని ఆడవాళ్ల గదిలో, మగ్గం వెనక దుప్పట్ల కింద దాచింది.

"సాయంత్రం మా అన్న పడవ దీవికి పోతుంది. అందాకా కిక్కురుమనకు."

మిట్టమధ్యాహ్నానికి లైకోన్ దిగాడు, చేతిలో కొరడాతో.

"మా ఆడవాళ్ల గదిలో కాలుపెట్టావో, ఊరు ఊరుకోదు," అన్నాడు త్రాసోన్. అంటూనే రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకు తెలీదుటోయ్? వెతకడమెందుకు, మీ కుండే చెప్తుందిగా!" లైకోన్ నవ్వాడు. "ముందు అది మేలుకుందో లేదో చూద్దాం. నీ వయసెంతమ్మా?"

"ఇరవై," అంది క్లైటో.

కొట్టుగదిలో ఉరిమింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

"శభాష్! ఇప్పుడు చెప్పు. అబ్రో ఇక్కడికొచ్చిందా?"

క్లైటో నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే. త్రాసోన్ తలెత్తలేదు.

"రాలేదు. ఈ గడపే తొక్కలేదు," అంది క్లైటో.

ముగ్గురూ కొట్టుగది వైపు చూశారు. ఈగల రొద తప్ప ఏమీ వినబడలేదు.

"మళ్లీ చెప్పు!"

"రాలేదన్నానా!"

కుండ పలకలేదు. లైకోన్ మొహం మాడిపోయింది. తుపుక్కున ఉమ్మేసి, కొరడా ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

క్లైటో ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. త్రాసోన్ చెమట తుడుచుకున్నాడు.

"కుండ పాడైపోయిందేమోనే," అన్నాడు. "అయినా నేను ఆవగింజంత కూడా భయపడలేదు సుమా!"

ఇల్లదిరిపోయేలా ఉరిమింది.

మగ్గం వెనక దుప్పట్లు కిసుక్కుమన్నాయి. ఆ సాయంత్రం మణికట్టుకు తెల్ల ఉన్నిపోగు కట్టుకుని పడవెక్కుతున్నప్పుడు కూడా అబ్రో ఇంకా నవ్వుతూనే ఉంది.