చవితి చంద్రుణ్ణి చూపించిన గొట్టం

నేను ఒక దుర్భిణిని. గొప్పలకు పోను. నా ఒళ్ళు నీళ్ళ పైపు ముక్క, నా కన్ను ఎవరో కళ్ళజోడుకని చెప్పి మళ్ళీ రాకుండా పోయిన గాజుబిళ్ళ. బొబ్బిలిలో కళ్ళద్దాలు అరగదీసే పైడిరాజు ఆ రెండింటినీ కలిపి నన్ను తయారు చేశాడు. పగలంతా ఊరి జనానికి దగ్గరవి చూపించే మనిషి, సాయంత్రం తనకోసం దూరపువి చూడాలనుకున్నాడు. అదీ ఆయన నేరం.

మూడు వారాలు ముసురు పట్టి, ఒక సాయంత్రం మబ్బు విడింది. పైడిరాజు నన్ను పెరట్లో స్టూలు మీదికెక్కించి పడమటికి తిప్పాడు. సన్నని చంద్రుడు దొరికాడు. ఆ వేళ వినాయక చవితి. మధ్యాహ్నం ఉండ్రాళ్ళు తిన్న మహానుభావుడు సాయంత్రానికి ఆ సంగతే మరిచాడు.

ఆయన భార్య నూకరత్నం పరుగున వచ్చింది. వీధి ఆడవాళ్ళకి వ్రతకథ చదివేది ఆవిడే. చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు తప్పవని పొద్దున్న అందరినీ బెదిరించిందీ ఆవిడే.

"సవితి పూట సందురుణ్ణి సూస్తావేటి?"

"నానెక్కడ సూశాను? గాజు సూస్తంది. రా, నువ్వూ ఓపాలి సూడు."

వాదన నచ్చిందో, కోరికే గెలిచిందో, ఆవిడ వంగి కన్ను ఆనించింది. "అమ్మ బాబోయ్! ఇన్ని గుంటలేటి!" అంది. ఇద్దరూ పిల్లల్లా వంతులేసుకుని చూశారు. నేను బతికింది ఆ అరగంటే.

మర్నాడు పక్కింటి తవిటినాయుడు నలుగుర్ని వెంటేసుకొచ్చాడు. పడమటి గోడ అవతలే వాళ్ళ స్నానాల దడి. "మా ఆడోళ్ళు తానాలు సేస్తంటే గొట్టమెట్టి సూశాడు" అన్నాడు. నా మూతి ఆకాశం వైపే ఉందని తెలిసిన సాక్షి ఒక్కతే, గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పమ్మా, చెప్పు అని నేను లోలోపల మొత్తుకున్నాను. చెబితే తానూ చవితి చంద్రుణ్ణి చూసినట్టు ఒప్పుకోవాలి. ఇక ఆవిడ కథ ఎవరు వింటారు? తల వంచుకుంది. పైడిరాజు ఆవిడ వైపు చూడకుండానే, "ఇంక దాన్ని బైటికి తియ్యను" అన్నాడు. తప్పు ఒప్పుకున్నాడనే వీధంతా అనుకుంది.

అప్పటినుంచి ఈ ట్రంకుపెట్టెలో, పాత దుప్పట్ల కింద పడి ఉన్నాను. ఎన్ని చవితులు పోయాయో తెలియదు. నా కంటికి బూజు పడుతోంది. చూపు ఉండి చీకట్లో పడి ఉండటం కన్నా నరకం లేదు. ఆయన పెరటి తలుపు గడియ తీసిన చప్పుడు మళ్ళీ వినలేదు. దీపాలవేళ కూడా ఆయన దగ్గు ముందుగదిలోంచే వస్తుంది.

మొన్న మూత లేచింది. నూకరత్నం నన్ను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడిచింది. ఏడుస్తోంది.

"నానెల్లి సెప్పేస్తాను. ఆ పొద్దు నానూ పక్కనే ఉన్నానని" అంది.

"ఆ మాట నాను సెప్పలేకనేటి?" పైడిరాజు ముందుగదిలోంచే అన్నాడు. "నీ మీద మాటొస్తాదని నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళు నాను పడ్డదంతా బూడిదలో పొయ్యకు."

ఆవిడ నన్ను దుప్పట్ల కింద పడుకోబెట్టి మూత వేసింది. ఆ మూత మీద ఆవిడ నుదురు ఆనిన చప్పుడు నాకు వినిపించింది.