హాజరు పట్టీలో మూడు ఆఫీసులు

తమ్ముడు పోయిన రోజు అంబులెన్సు మాకు కనిపిస్తూనే ఉంది. అది కాలువ అవతల ఆగింది. ఇవతల వాడి తల నా ఒళ్లో ఉంది. నడుమ ఉన్న వంతెనకు రెండు కొసలే కట్టారు, మధ్య నలభై అడుగులు లేవు. చుట్టూ తిరిగితే పదకొండు కిలోమీటర్లు. బండి వచ్చేసరికి దానితో పని లేకపోయింది.

వాడు లారీ మెకానిక్కు. ఆరేళ్లుగా ఆ వంతెనను చూసి నవ్వేవాడు. "చేతులు రెండూ చాచింది కదక్కా, కలుపుకోవడానికే మొహమాటం" అనేవాడు.

పదిహేను రోజుల తర్వాత సెలవు పెట్టి మూడు ఆఫీసులూ తిరిగాను. కాలువ నీళ్లు ఆపితే పని మొదలుపెడతామని రోడ్ల వాళ్లు అన్నారు. పైనున్న కరెంటు తీగలు తీశాక నీళ్లు ఆపుతామని కాలువల వాళ్లు. తీగలు మార్చే తేదీ రోడ్ల వాళ్లే చెప్పాలని కరెంటు వాళ్లు. ఉత్తరాలన్నీ చూపించారు. ప్రతి ఉత్తరం కిందా మిగతా ఇద్దరికీ నకలు, "తెలియజేయడానికి" అని. అందరికీ అన్నీ తెలుసు. చెయ్యమని ఎవరూ ఎవరికీ రాయలేదు.

ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టేది ఎవరని రోడ్ల ఇంజనీరును అడిగాను. ఆ అధికారి బదిలీ అయి నాలుగేళ్లయిందని, కుర్చీ ఖాళీ అని చెప్పాడు.

"మా వైపు నుంచి ఆలస్యమేమీ లేదు టీచరమ్మా."

"ముగ్గురూ అదే మాట అన్నారు బాబూ. మరి ఆలస్యం మా తమ్ముడిదా?"

అతను కాగితాలు సర్దుకున్నాడు.

ప్రతి శనివారం పదింటికి వంతెన కొసకు రమ్మని ముగ్గురికీ విడివిడిగా రాశాను. కొత్త హాజరు పట్టీ కొన్నాను. మొదటి శనివారం ఎవరూ రాలేదు. ముగ్గురికీ గైర్హాజరు వేసి, ఆ పుటకు నకలు రాసి వంతెన గోడకు అంటించాను. ప్రతి వారం అంతే. జనం ఆగి చదివేవారు. కరెంటాయన ఈ వారమూ ఎగ్గొట్టాడా అని పాలవాడు అడిగేవాడు.

అయిదో వారం కరెంటు ఇంజనీరు వచ్చాడు.

"మా ఆఫీసు పేరు తీసేయండమ్మా. ఇంట్లో కూడా అడుగుతున్నారు."

"పేరు తియ్యను. హాజరు వేస్తాను."

మరుసటి వారం రోడ్ల ఇంజనీరూ వచ్చాడు. ఇద్దరూ తీగల కింద నిలబడి పది నిమిషాల్లో తేదీ పెట్టుకున్నారు. నెల తిరగకుండా తీగలు మారాయి.

కాలువల ఆఫీసు మాత్రం ఇప్పుడు పైనుంచి ఆదేశం రావాలంటోంది. ఆదేశం ఇవ్వాల్సింది ఆ ఖాళీ కుర్చీ. ఇక ఊరుకోమని మా హెడ్మాస్టరు మెల్లగా చెప్పారు. పట్టీలో ఇంకా పుటలున్నాయన్నాను.

నిన్నటికి పందొమ్మిది శనివారాలు. నీళ్లు ఆపలేదు. కుర్చీలోకి ఎవరూ రాలేదు. మధ్య నలభై అడుగులు ఇంకా వెయ్యాలి.