కార్డు మీది మాట

ఆర్కిటెక్టులకు లైసెన్సులిచ్చే కౌన్సిల్ నుంచి వచ్చిన ఆఫీసరు ముందుగదిలో కూర్చుని గంట దాటింది. వెనకగదిలో ఆమె ఒకే గీతను మూడోసారి చెరిపి గీస్తోంది. పద్దెనిమిదేళ్లుగా ఈ ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తోంది. ఒక్కరోజూ గీత ఇలా వంకరపోలేదు.

నాలుగేళ్ల కిందట, లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు మానేశాడు. మరొకరిని పెడితే మూడింతల జీతం ఇవ్వాలి. యజమాని ఆ పని చెయ్యకుండా ఈమెకే కార్డులు అచ్చు వేయించాడు, పేరు కింద ‘ఆర్కిటెక్ట్’ అని. జీతం మాత్రం పెరగలేదు. తను చదివింది రెండేళ్ల డ్రాయింగు కోర్సేనని ఆమె నసిగింది. ఎవరడుగుతారులే అని ఆయన కొట్టిపారేశాడు. ఆమె కూడా పట్టుబట్టలేదు. అత్తగారు ఆ కార్డు ఇరుగుపొరుగుకు చూపించి మురిసిపోతుంటే కాదనబుద్ధి కాలేదు.

పోయిన నెల కుట్టుపని చేసుకునే ఒకావిడ వచ్చింది. కింద కొట్టు, పైన కాపురం. కొట్టులో మధ్యగోడ తీసేయొచ్చా అని అడిగింది. పైనేలను మోసేది ఆ గోడేనేమోనని ఈమెకు అనుమానం వచ్చి లోపలికి వెళ్లి అడిగితే, తీయొచ్చని చెప్పెయ్ అన్నాడు యజమాని. చెప్పేసింది. వాళ్లు గోడ తీసేశారు. నిన్న ఆ ఇంటి పైగది నేలలో వేలు దూరేంత పగులు వచ్చింది. నష్టం కట్టించమని కుట్టుపనావిడ ఈమె ఇచ్చిన కార్డు పట్టుకుని కౌన్సిల్‌కు వెళ్లింది.

యజమాని లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కాగితం ఒకటి ఆమె ముందు పెట్టాడు. లైసెన్సు ఉందని అబద్ధమాడి ఉద్యోగంలో చేరానని, కార్డులు తనే వేయించుకున్నానని అందులో ఉంది.

“సంతకం పెట్టమ్మా. జరిమానా నేను కడతాను. మీ ఆయన మంచం పట్టాడు. ఈ వయసులో నీకు ఇంకెవరిస్తారు పని?”

ఆమెకు పరంజా మీంచి పడి నడుం విరిగిన భర్త కళ్లముందు మెదిలాడు. పెన్ను అందుకుంది. అందుకుని, వాళ్లు ఇల్లు ఖాళీ చేశారా అని అడిగింది.

“ఎందుకు చేస్తారు? పైపూతే పగిలింది, భయం లేదని నువ్వన్నావని రాత్రి ఫోన్లో చెప్పాను. నమ్మారు. పైనే ఉన్నారు, పిల్లలూ వాళ్లూ.”

పెన్ను బల్లమీద పెట్టేసి ఆమె లేచింది. నేరుగా ముందుగదిలోకి నడిచింది.

“నేను ఆర్కిటెక్టుని కానండీ. ప్లాన్లు గీస్తాను, అంతే. కార్డు ఆయన వేయించారు, నేను పంచాను. నన్నేం చేసినా తర్వాత చెయ్యండి. ముందు ఆ ఇంట్లోవాళ్లని బయటికి పంపించండి.”

ఆఫీసరు ఫోనులో మనుషుల్ని ఆ ఇంటికి వెళ్లమన్నాడు. తర్వాత పుస్తకం తెరిచాడు.

“ఇలా మీ మాట మీద ఎన్నిళ్లు కట్టారమ్మా?”

గుమ్మంలో యజమాని వచ్చి నిలబడ్డాడు. ఆమె అటు చూడలేదు. ఒక్కొక్క వీధే గుర్తుచేసుకుంటూ లెక్కపెట్టసాగింది. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి.