వంతెన దిగని ఆట

తమ్ముడి షాపు మెట్టెక్కకముందే అక్కకి ఒళ్ళు మండిపోతోంది. సాయం అడగడానికి వెళ్ళే మనిషి ఇంత కోపంగా వెళ్ళకూడదని ఆమెకి తెలుసు. తెలిసి ఏం లాభం? అడగబోయే సాయం అలాంటిది. ఏ పని చేశాడని ఈ తమ్ముడితో ఇన్నేళ్ళు పెళ్ళిళ్ళలో పొడిపొడి మాటలతో సరిపెట్టుకుందో, సరిగ్గా ఆ పనే ఇంకోసారి చేసిపెట్టరా అని ఇప్పుడు నోరు తెరిచి అడగాలి.

ఒకప్పుడు ఆమె వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేది. ఇంట్లో కూర్చుని ఆడుకునేవి కావు. సినిమా హాళ్ళ వరండాల్లో, బస్టాండుల్లో బీరువాలంత పెట్టెల్లో ఉండి, నాణెం వేస్తే కదిలే ఆటలు. ఆమె అక్కడ మొదటినుంచీ చివరిదాకా తయారుచేసింది ఒక్కటే. మిద్దెల మీద లాంతరు పట్టుకుని పరిగెత్తే పిల్ల ఆట. బొమ్మలు ఆమె గీసినవే, పాట ఆమె కట్టిందే. తెరమీద పేరు మాత్రం యజమానిది. ఉద్యోగుల పేర్లు బయటపెడితే పక్క కంపెనీలవాళ్ళు ఎగరేసుకుపోతారని ఆయన వాదన. అప్పుడామె చిన్నపిల్ల, కిక్కురుమనలేదు.

ఆ రోజుల్లో ఈ ఆటలకి కాపీల బెడద. ఆటంతా ఎక్కించిన చిప్పులుండే కొత్త బోర్డు బజారులోకి రావడం ఆలస్యం, ఎవడో దాని చిప్పులు చదివేసి అచ్చు అలాంటివే వందలు దింపేవాడు. అందుకని యజమాని తాళాలు వెయ్యమన్నాడు. ఆమె రెండు వేసింది. మొదటిది, ప్రోగ్రాముని కలగాపులగం చేసేసి, దాన్ని సరిచేసే రహస్యాన్ని గుండీ అంత బ్యాటరీ మీద బతికే చిన్న చిప్పులో పెట్టింది. ఎవరైనా దాన్ని ఊడబీకితే రహస్యం ఆవిరైపోతుంది, ఆట చచ్చిపోతుంది. రెండోది ఉచ్చు. మొదటి తాళం పగలగొట్టిన దొంగ ముందుగా ఏం చేస్తాడు? యజమాని పేరు తీసేసి తన పేరు పెట్టుకుంటాడు. అందుకని ఆట లోలోపల ఆ పేరుని చూసుకుంటూ ఉంటుంది. పేరు మారిందా, నాలుగు లెవెళ్ళు మర్యాదగా నడుస్తుంది. ఐదో లెవెల్లో లాంతరు పిల్ల కాలువ ఒడ్డుకొచ్చి నిలబడితే, దిగాల్సిన వంతెన దిగదు. టైము అయిపోతుంది, ఆట ముగుస్తుంది.

మొదటి తాళం పగలగొట్టిన దొంగ ఎవరయ్యా అంటే సొంత తమ్ముడే. పరీక్షించడానికి ఆమె ఇంటికి తెచ్చుకున్న బోర్డుని, ఆమె జ్వరంతో పడుకుని ఉండగా, ఒక చేత్తో మాత్రలు మింగిస్తూ రెండో చేత్తో వైర్లు తగిలించి, కరెంటు ఆపకుండానే చదివేశాడు వెధవ. రహస్యం విప్పి ఉన్న ప్రోగ్రాము వాడి చేతికొచ్చింది. నెల తిరక్కుండా ఊళ్ళన్నిటా వాడి షాపు పేరుతో మిద్దెల ఆటలు. అక్కే అమ్ముకుందని యజమాని నలుగురిలో అన్నాడు. ఉద్యోగం పోయింది. ఆ తర్వాత బతుకంతా బ్యాంకులకి ప్రోగ్రాములు రాసి రిటైరైంది. మళ్ళీ ఆట జోలికి పోలేదు.

ఇదంతా అయిపోయిన కథే అనుకుంది. పాత ఆటల ప్రదర్శనశాల పెడుతున్న అమ్మాయి వెతుక్కుంటూ వచ్చేదాకా.

"మీ ఆట అసలు బోర్డు ఒక్కటి కూడా పనిచెయ్యట్లేదు మేడమ్. బ్యాటరీలు చచ్చిపోయి అన్నీ పోయాయి. పనిచేసేది మీ దగ్గరేమైనా ఉందా?" అంది ఆ అమ్మాయి. దొంగల్ని ఆపడానికి వేసిన తాళం, అసలు ఆటల్ని వరసపెట్టి చంపేసి దొంగ ఆటల్ని చల్లగా బతికించిందన్నమాట. అక్కకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బ్యాటరీకి కూడా ఆయుష్షు ఉంటుందని అంత తెలివైన బుర్రకి ఎందుకు తట్టలేదో!

"తయారుచేసింది నేనని ఆట పక్కన పెట్టే పలక మీద రాస్తారా?" అని అడిగింది.

"తెరమీద ఎవరి పేరుంటే వాళ్ళదే రాస్తాం మేడమ్. నోటిమాట మీద రాస్తే రేపు ఊరంతా వచ్చి మాదంటే మాదంటారు. ఏమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటుంది? అసలు బోర్డు మీద యజమాని పేరు. కాపీ బోర్డు మీద తమ్ముడి షాపు పేరు. చేసిన మనిషి పేరు ఎక్కడా లేదు. రేపు ప్రారంభం, ఈలోగా పనిచేసే బోర్డు ఒకటి ఆమె తెచ్చివ్వాలి. పేరు మార్చడం తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, వాడి మెట్ల మీదే ఇప్పుడు ఆమె నిలబడి ఉంది.

షాపు నిండా వాషింగ్ మెషీన్ల కడుపులూ, మూతల్లేని రిమోట్లూ, సోల్డరింగ్ పొగ వాసన. మరదలు ఎదురొచ్చి, "రండి వదినా రండి, దారి తప్పారా ఏంటి?" అని నవ్వుతూనే స్టూలు మీది స్క్రూల డబ్బా తీసి జాగా చేసింది. తమ్ముడు కళ్ళద్దాలు నెత్తిమీదకి తోసుకుని, కళ్ళద్దాల కోసం బల్లంతా వెతుకుతున్నాడు.

అక్క ఉపోద్ఘాతం లేకుండా విషయం చెప్పేసింది. వాడు చివరిదాకా విని, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"అంటే అక్కా, నీ ఆటని మళ్ళీ దొంగిలించమంటున్నావు."

"పేరు మార్చమంటున్నాను."

"అప్పుడు నేను చేసిందీ అదేగా."

"చేస్తావా చెయ్యవా?"

"చెయ్యనన్నానా? టీ తాగు ముందు. ఏమేవ్, అక్కకి చక్కెర తక్కువ వెయ్యి, అసలే కాలుతోంది."

అటక మీంచి బోర్డు దింపాడు. దాని మీద వరసగా చిప్పులు, ఒక్కోదాని నెత్తిన చిన్న గాజు కిటికీ, కిటికీకి కాగితం చీటీ. పేరున్న చిప్పుని ఊడదీసి, చీటీ పీకి, మూతపెట్టె లాంటి దాంట్లో పెట్టి స్విచ్ వేశాడు. అందులో ఊదారంగు దీపం. ఆ వెలుగు కిటికీలోంచి పడితే చిప్పులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇంకా ఈ పెట్టెని దాచుకున్నాడంటే వీడికి సిగ్గులేదు అనుకుంది అక్క. ఆ వెంటనే, దాచుకోబట్టే కదా అని గుర్తొచ్చి ఇంకా ఒళ్ళు మండింది.

టీ అయ్యేసరికి చిప్పు ఖాళీ అయింది. దాంట్లో మళ్ళీ అంతా ఎక్కించి, షాపు పేరున్న చోట అక్క పేరు కొట్టి, బోర్డులో గుచ్చి, పాత టీవీకి తగిలించాడు. తెర వెలిగింది. మిద్దెలు, చంద్రుడు, కింద ఆమె పూర్తి పేరు, ఆమె తన చేత్తో గీసిన అక్షరాల్లోనే. చూడగానే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంత వయసొచ్చి తెరమీద పేరు చూసుకుని ఏడవడమేమిటని తనని తనే తిట్టుకుంది. సంతోషం మాత్రం ఆగలేదు.

"ఆడి చూడు" అన్నాడు తమ్ముడు.

ఆడింది. వేళ్ళు మర్చిపోలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెవెళ్ళు దాటింది. ఐదోదాంట్లో కాలువ ఒడ్డుకొచ్చి లాంతరు పిల్ల ఆగింది. అక్క చూస్తోంది. వంతెన దిగలేదు. ఇంకా చూస్తోంది. టైము అయిపోయి తెర నల్లబడింది.

తమ్ముడు తప్పు చేసినవాడిలా చెవి గోక్కున్నాడు. "అదొక్కటే అక్కా, నా కాపీల్లో చిన్న తేడా. చదివేటప్పుడు ఎక్కడో వైరు సరిగ్గా అంటుకోలేదు. సోల్డరింగ్ మళ్ళీ చేశా, చిప్పులు మార్చా, ఏం చేసినా ఆ వంతెన దిగదు. జనం పట్టుకుని తిట్టేవాళ్ళు. ఎన్నేళ్ళు తల బద్దలు కొట్టుకున్నానో."

అక్క ఆట వదిలేసి వాడివైపు తిరిగింది. వీడికి తెలియదు! బతుకంతా వీడు తన సోల్డరింగే తప్పనుకున్నాడు. అది నా ఉచ్చురా అని చెప్పి కడుపారా నవ్వాల్సిన సమయం. నవ్వు రాలేదు. ఉచ్చు పెట్టిన సంగతి ఆమెకి ఎప్పుడూ గుర్తే. దొంగ పేరునే కాదు, చేసిన మనిషి పేరునీ అది అలాగే పట్టుకుంటుందని మాత్రం ఈ క్షణం దాకా తట్టలేదు. ఆటకి తెలిసింది యజమాని పేరొక్కటే. అక్షరం మారితే ఎవరైనా దొంగే.

చెప్పింది. తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు.

"ఓసి నీ తెలివి తగలెయ్యా! పేరు చూసుకుంటోందా? సోల్డరింగ్ కాదా?"

"కాదు."

"సరే, ఎలా చూస్తోంది? అక్షరానికో నంబరు కదా, అవన్నీ కూడి మొత్తం చూస్తోందా? అయితే నీ పేరు చివర చుక్కలూ గీతలూ పెట్టి మొత్తం సరిపెట్టేద్దాం."

"ఎవడైనా అలా చేస్తాడని, ఏ అక్షరం ఎన్నో చోట ఉందో కూడా చూసేలా రాశాను."

"ఆ చూసే ముక్కనే పీకేద్దాం."

"ఒక్కచోట లేదురా. దొరక్కూడదని ప్రోగ్రామంతా చల్లాను. ఎక్కడెక్కడో నాకే గుర్తులేదు. ఒకటి పీకితే ఇంకోటి పట్టుకుంటుంది."

"పోనీ, మొదట్లో నీ పేరుతో ఇంకో తెర పెడితే?"

"చిప్పులో ఆవగింజంత చోటు లేదు. అప్పుడు అదే గొప్పనుకున్నాను."

"అసలు నీలాంటిదాన్ని అక్కగా ఇచ్చినందుకు..." అని వాడు మొదలుపెట్టాడు.

"నోర్ముయ్. నువ్వు నా పేరు చెరిపేసి నీది పెట్టుకోకపోయుంటే, అప్పుడే..."

"నీ పేరా?" తమ్ముడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అందులో నీ పేరెక్కడుంది అక్కా? నేను చెరిపింది ఆయన పేరు. దొంగతనం చేశాను, కాదన్ను. నీ ఉద్యోగం పోయింది నావల్లే, ఆ పాపం నాదే. కానీ నీ పేరు నేను చెరపలేదు. నేను తీసే వేళకే అది లేదు."

మరదలు టీ గ్లాసులు తీసుకుని లోపలికి తప్పుకుంది. ఇన్నేళ్ళూ పళ్ళు నూరుకున్న కోపంలో సగం అసలు వీడిది కాదు. యజమాని మీద చూపించాల్సింది, నోరు లేక, దగ్గరున్నవాడి మీద వేసింది. అది వాడి నోట వినాల్సి రావడం మరీ కంపరంగా ఉంది.

"ఇంతకీ ఏం చేద్దాం?" అన్నాడు తమ్ముడు. "నీ పేరే ఉంచేస్తా. ప్రదర్శనలో ఐదో లెవెల్ దాకా ఎవడాడతాడు? పలక మీద నీ పేరు పడుతుంది. నీకు కావాల్సింది అదేగా?"

అదే. దానికోసమే అభిమానం చంపుకుని వచ్చింది. ఆమె తెరమీది తన పేరుని చూసింది. ఆ పేరు కింద ఉండబోయేది సగం ఆట. కాలువ అవతల ఇంకా నాలుగు లెవెళ్ళున్నాయి, ఆమె చేసినవాటన్నిటిలో మంచివి. కాపీలే ఊరంతా నిండిపోయాక వాటిని చూసే దిక్కు లేకపోయింది. ఎవరైనా పిల్లాడు పట్టుబట్టి ఆడి ఒడ్డుదాకా వస్తే, తన పేరు పెట్టుకున్న ఆట వాణ్ణి అక్కడే నిలబెట్టి చంపేస్తుంది.

"ఆయన పేరు కొట్టు" అంది.

"పిచ్చా నీకు?"

"కొట్టరా! అక్షరం తప్పు పోకుండా కొట్టు." ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది, దాన్ని దాచుకోలేదు. "అవతలున్నది జనం చూడాలి. నువ్వూ చూడలేదుగా, దొంగ మొహమా."

మళ్ళీ ఊదా దీపం, మళ్ళీ చిప్పు. యజమాని పేరు తెరమీద దర్జాగా వెలిగింది. అక్క పళ్ళు బిగించి ఆడింది. ఐదో లెవెల్, కాలువ ఒడ్డు. గొలుసుల చప్పుడు చేస్తూ వంతెన దిగింది. తమ్ముడు "హా" అని చిన్నపిల్లాడిలా అరిచాడు.

లాంతరు పిల్ల అవతలి మిద్దె మీద కాలు పెట్టగానే, నీళ్ళ తొట్టి వెనకనుంచి ఒక బుడ్డోడు బయటికొచ్చాడు. నెత్తిన జుట్టు కొమ్ములా నిలబడి ఉంది, ఒక కాలికే చెప్పు ఉంది. లాంతరు పిల్ల వెనకాలే పడుతూ లేస్తూ పరిగెత్తడం మొదలుపెట్టాడు. వాడి తలమీద మాటలు వెలిగాయి: "అక్కా, ఆగు! నేనూ వస్తా!"

తమ్ముడి చెయ్యి దానంతటదే నెత్తిమీదకి పోయింది. ఇప్పుడక్కడ కొమ్ము లేదు, బట్టతల మీద కళ్ళద్దాలున్నాయి.

"ఇదెప్పుడు పెట్టావు?"

"నువ్వు దొంగిలించకముందు" అంది అక్క, కళ్ళు తెరమీంచి తియ్యకుండా. "ఆరో లెవెల్ నుంచి చివరిదాకా వాడు వెంటే ఉంటాడు. వాణ్ణి కూడా దాటించాలి, లేకపోతే ఆట గెలవదు."

వాడు స్టూలుని తెర దగ్గరికి లాక్కుని, చివరి లెవెల్ దాకా అక్కడే కూర్చున్నాడు.

మర్నాడు ప్రదర్శనశాలలో పెట్టె పక్కన పలక వెలిసింది. రూపకల్పన: యజమాని పేరు, తళతళలాడే అక్షరాల్లో. "ఎంత బాగా పనిచేస్తోందో మేడమ్!" అని ఆ అమ్మాయి చేతులు పట్టుకుని ఊపేసింది. అక్క ఏదో అనబోయి, ఈ పిల్లని అని ఏం లాభంలే అని మింగేసింది.

తమ్ముడు మాత్రం పొద్దున్నించీ పెట్టె పక్కనుంచి కదలడం లేదు. ఆడేవాళ్ళ భుజం మీంచి తొంగిచూస్తూ, "అటు కాదు బాబూ, ఇటు దూకు" అని ప్రాణం తీస్తున్నాడు. మధ్యాహ్నానికి స్కూలు బ్యాగు పిల్ల ఒకతి ఐదో లెవెల్ దాటింది.

"ఈ బాబెవరు?" అంది ఆ పిల్ల.

"నేనే" అన్నాడు తమ్ముడు, గది మొత్తానికీ వినబడేలా.

"మరి ఈ ఆట చేసిందెవరు? ఇక్కడ పేరున్న ఆయనేనా?"

"ఆయనెవరో నాకు తెలీదమ్మా. తెరమీద నేను ఎవర్ని పిలుస్తున్నానో చూడు, చేసింది ఆవిడ. అదిగో, బెంచీ మీద మూతి ముడుచుకుని కూర్చుందే, ఆవిడే."

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. అక్కకి నేలలోకి కుంగిపోవాలనిపించింది. లేచెళ్ళి వాడి చొక్కా పట్టుకుని లాగింది.

"ఒరేయ్, ఇంక చాలు. ఇంటికి పోదాం పద."

"నువ్వెళ్ళక్కా. సాయంత్రం దాకా జనం వస్తూనే ఉంటారట" అని, వాడు అప్పుడే నాణెం వేస్తున్న ఇంకొకడి వైపు తిరిగాడు. "బాబూ, వంతెన దాకా ఆడు, ఆపకు. అవతల మా అక్క ఉంది."

ఆమె కాసేపు అక్కడే నిలబడి వాణ్ణి మనసులో తిట్టుకుంది. తర్వాత వెళ్ళి మళ్ళీ బెంచీ మీదే కూర్చుంది.