నీటికాకులు నిద్రపోయే యాళ్ల

పొద్దున లేవంగనే సైదమ్మ డ్యాం కాడికి పోయి, కట్టేసి ఉన్న పడవల కింద చెయ్యి పెట్టి చూసేది. చెయ్యికి నీళ్లు తగిలితే అంతా మంచిగున్నట్టు. నీళ్లకూ పడవ అడుగుకూ నడుమ సందు దొరికితే, రాత్రి ఏదో పిట్ట తెరచాప కొయ్య మీద నిద్రపోయినట్టు. అప్పుడు తాడు పట్టుకుని, కాలు గట్టుకు తన్నిపెట్టి, బెదిరిన కోడెను దారికి తెచ్చినట్టు పడవను మెల్లగ నీళ్లకు దింపేది.

నెమలిగుట్ట డ్యాం చుట్టుపక్కల ఈ సంగతి ఎరుగనోళ్లు లేరు. తెరచాప పడవ మీద పిట్ట ఊకెనే వాలితే రెట్ట పడుతది, చాప ఖరాబైతది, అంతే. తల రెక్కల దాచుకుని నిద్రపోయిందంటే మాత్రం పడవకు నీళ్ల మీద మనసు విరిగిపోతది, పైకి లేస్తది. ఒక్క కొంగకైతే జానెడు లేస్తది. గుంపు పడుకుంటే తాటిచెట్టంత. పడవల క్లబ్బు పెట్టిన కొత్తల ఒక పడవ తాడు తెంపుకుని పోయి చిట్యాల దిక్కు పత్తిచేన్ల దిగింది. ఆ చేను రైతు దాన్ని బోర్లేసి కోళ్లగూడు చేసుకున్నడు.

ఆ తర్వాతనే క్లబ్బు చూసుకునే శ్రీశైలం, సైదమ్మను కాపలాకు పెట్టుకున్నడు. ఆమెకంటే తగినోళ్లు ఎవరున్నరు? పసిపిల్లప్పటి సంది జొన్నచేన్ల మంచె మీద నిలబడి చిలుకలను తోలిన మనిషి. జొన్నచేన్లన్నీ పత్తిచేన్లయినంక గొంతుకు పని లేక కొన్నేండ్లు ఊకున్నది. ఇప్పుడు పడవలకు ఎర్రరిబ్బన్లు కట్టుడు, పాత సీడీలు వేలాడదీసుడు, రేకు డబ్బా మోగించుడు ఆమె పని. ఆమె "హోయ్" అన్నదంటే నీళ్ల మీద నీటికాకులే కాదు, గట్టు మీద ఫొటోలు దిగే పట్నపోళ్లు కూడ ఉలిక్కిపడేది.

ఇంట్లకొచ్చినా ఆ గొంతు తగ్గేది కాదు. కోడలు కోమల వాకిట్ల పిచ్చుకలకు నూకలు చల్లితే కసిరేది.

"నేను అక్కడ తోలవడితి, నువ్వు ఇక్కడ మేపవడితివి. ఎవరన్న ఇంటే నవ్వుతరు."

"గవి పిచ్చుకలు అత్తమ్మా, పడవల కాడికి రావు" అనేది కోమల, చేట దాచకుండనే.

కోమలకు నెలలు నిండినయి. అంతకుముందు ఒక కాన్పు పోయింది. ఈసారి బిడ్డ అడ్డం తిరిగి ఉన్నదని, నొప్పులు మొదలైతే ఒక్క గడియ కూడ ఇంట్ల ఉంచొద్దని, దేవరకొండ దవాఖానల డాక్టరమ్మ చెప్పి పంపింది. కొడుకు విజేందర్ లారీ మీద పోయిండు. నొప్పులనంగనే ఫోన్ చెయ్యమన్నడు, బండిని పిలవమన్నడు, అన్నీ చెప్పి పోయిండు. వాన సంగతే ఎవరికీ తోచలే.

పగలూ రాత్రీ ఎడతెరిపి లేని వాన కురిసింది. అది వెలిసిన పొద్దున వాగు వంతెన మీదికెక్కి పారుతున్నది. పొద్దుగూకే ముందు కోమల నడుము పట్టుకుని గడప మీద కూలబడ్డది.

సైదమ్మ ఫోన్ చేసింది. నూటెనిమిది బండి వచ్చింది గానీ వాగు ఆవలి గట్టున ఆగిపోయింది. డ్రైవర్ ఫోన్ల మొత్తుకుంటున్నడు: "అమ్మా, నీళ్లు నడుముల లోతున పోతున్నయి. బండి దిగదు, మనిషి దాటడు."

ఇక మిగిలింది డ్యాం. దాన్ని దాటితే దేవరకొండ తోవ. కానీ గేట్లు ఎత్తిన్రు. నీళ్ల మీద పెట్టిన పడవను పెట్టినట్టే అలుగు దిక్కు గుంజుకపోతది. మోటారు పడవ రిపేరుకు పట్నం పోయి ఉన్నది.

ఇరుగుపొరుగోళ్లు కోమలను మంచం మీద డ్యాం కాడికి మోసుకొచ్చిన్రు. శ్రీశైలం నీళ్ల దిక్కు చూసిండు, మొగం వేలాడేసుకున్నడు. సైదమ్మ ఆకాశం దిక్కు చూసింది. నీటికాకులు గూటికి మళ్లే యాళ్ల అయితున్నది. గుట్టల మీద నల్లగ, వరుసలుగ వస్తున్నయి.

"శ్రీశైలం, పెద్దపడవకు కట్టిన రిబ్బన్లు ఇప్పు" అన్నది.

ఆయన రిబ్బన్లు ఇప్పిండు, సీడీలు తెంపిండు. కోమలను ఎత్తుకుని పడవల బొంత మీద పండబెట్టిన్రు. తాడు ఒడ్డున గుంజకు కట్టే ఉన్నది. సైదమ్మ కోమల తలాపున కూసున్నది. ముందు కొయ్య కింద బుట్టెడు చిన్నచేపలు పెట్టిన్రు.

పిట్టలు వచ్చినయి. పడవ చుట్టూ తిరిగినయి. ఒక్కటి కూడ వాలలే. ఎన్నేండ్ల సంది ఆ మనిషి ఆకారాన్ని చూసి లేచిపోయిన పిట్టలవి. కొంగొకటి కొయ్య దాకా వచ్చి, సైదమ్మను చూసి, గాలిలనే మళ్లింది.

"దా... దా" అన్నది సైదమ్మ. ఆ దా కూడ పో అన్నట్టే ఇనవడ్డది. పిట్టలు ఇంకింత దూరం జరిగినయి. ఆమెకు ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగినంక ఒక్క పిట్టను దగ్గరికి పిలిచిన మనిషి కాదు. ఎట్ల పిలవాలెనో నోటికి తెలియలే.

కోమల పండ్ల నడుమ కొంగు పెట్టుకుని మెల్లగ అన్నది: "అత్తమ్మా, నువ్వు పిలవకు. పిడికిలి బిగవట్టినవ్ చూడు. కొట్టబోతున్నట్టు కూసున్నవ్."

సైదమ్మ చూసుకున్నది. నిజమే. రెండు చేతులూ పిడికిళ్లే. వేళ్లు ఒక్కొక్కటే ఇప్పింది. అరచేతులు మీదికి పెట్టి మోకాళ్ల మీద పరిచింది. భుజాలు దించింది. కండ్లు మూసుకున్నది. ఎప్పుడో జొన్నచేన్ల మధ్యాహ్నం పూట చిలుకలు లేని సమయంల మంచె మీద కూసుని గాలి ఇన్నట్టు, ఊకె కూసున్నది.

చాన సేపటికి కొయ్య మీద గోళ్లు గీరుకున్న చప్పుడైంది. ఆమె కండ్లు తెరవలే. ఇంకొకటి వాలింది. అంచు మీద ఒకటి. చాప తాడు మీద వరుసగ నాలుగైదు. తడి రెక్కల వాసన, చేపల వాసన పడవంత కమ్ముకున్నది. ఒక ముసలి నీటికాకి వచ్చి సైదమ్మ అరచేతిల నిలబడ్డది. దాని కాళ్లు సల్లగున్నయి. బరువు ఇంతేనా అనుకున్నది సైదమ్మ.

అది తల రెక్కల దాచుకున్నది.

మిగిలినవి కూడ ఒక్కొక్కటే నిద్రపోయినయి. పడవ లేచింది. నీళ్లు అడుగు నుంచి కారి టపటప రాలినయి. శ్రీశైలం అడుగు తీసి అడుగేస్తూ వచ్చి, గుంజ కాడ తాడు ఇప్పి, చాప గాలికి తెరిచి, చుక్కానిని దేవరకొండ దిక్కు తిప్పి వదిలిపెట్టిండు. తూర్పుగాలి మెత్తగ అందుకున్నది.

కింద డ్యాం నురుగు కక్కుతున్నది. గేట్ల హోరు ఎక్కడనో ఇంకో ఊర్లె ఉన్నట్టు ఇనవడ్డది. మబ్బుల సందుల నుంచి పసుపు వెలుగు వచ్చి పిట్టల వీపుల మీద పడ్డది. ఇండ్లల్ల లైట్లు వెలుగుతున్నయి. బడి మిద్దె మీద బట్టలు తీస్తున్న ఆమె తలెత్తి చూసి, పడవకు తాకకుండ దండెం తాడు కిందికి పట్టుకున్నది.

అప్పుడు కోమలకు పెద్దనొప్పి వచ్చింది. నోరు తెరిచింది. అరిస్తే పిట్టలు లేస్తయి, పిట్టలు లేస్తే పడవ పడుతది. సైదమ్మ ఖాళీగున్న చెయ్యి కోడలి నోటికి అందించింది.

"కొరుకు బిడ్డా. గట్టిగ కొరుకు."

కోమల కొరికింది. సైదమ్మ కదలలే. ఇంకో అరచేతిల పిట్ట నిద్ర చెడకుండ, గొంతుల ఏదో మూలుగు లాంటి పాట మొదలుపెట్టింది. మాటలు లేవు దానికి. ఆమె నోట అంత సన్నటి చప్పుడు కోమల ఎన్నడూ ఇనలే. నొప్పి తగ్గినప్పుడు కోడలు చెంపను అదే చేతికి ఆనించి పండుకున్నది. మళ్ల నొప్పి వచ్చినప్పుడు మళ్ల కొరికింది. తోవంత అట్లనే పోయిన్రు.

దవాఖాన ఆవరణల గాలి పడిపోయి పడవ మెల్లగ కిందికి దిగి ఆగింది, మనిషి ఛాతీ ఎత్తున. వాచ్‌మన్ టార్చి పట్టుకుని వచ్చిండు.

"గిక్కడ పెట్టొద్దమ్మా, అంబులెన్సుకు అడ్డమొస్తది. గా యాపచెట్టు పొంటి కట్టున్రి" అని, తనే మెల్లగ తాడు పట్టుకుని నడిపించుకపోయి కట్టిండు. నర్సమ్మలు చప్పుడు కాకుండ స్ట్రెచర్ తెచ్చిన్రు. ఒక్క పిట్ట లేవలే. సైదమ్మ చేతిల ఉన్న నీటికాకిని పడవ అంచు మీద పెడితే, అది నిద్రలనే అంచు పట్టుకున్నది.

కోమలను లోపలికి తీసుకపోయిన్రు. డాక్టరమ్మ, "సరైన టైముకు తెచ్చిన్రు, ఇంకింత ఆలస్యమైతే ఇద్దరూ దక్కకపోయేది" అనుకుంట తలుపు మూసింది. సైదమ్మ వరండాల బల్ల మీద కూసున్నది. చెయ్యి వాచిపోయింది. ఎవరో చాయ తెచ్చిచ్చిన్రు. తాగుడు మరిచిపోయింది.

అప్పుడు లోపల నుంచి ఏడుపు ఇనవడ్డది. దవాఖాన కిటికీలు గల్లుమన్నట్టు, గొంతు చించుకున్న ఏడుపు.

బయట రెక్కలన్నీ ఒక్కసారే కొట్టుకున్నయి. నీటికాకులు, కొంగలు, అన్నీ లేచి యాపచెట్టు మీదుగ పోయినయి. దభేలుమని ఒక చప్పుడైంది. సైదమ్మ అటు దిక్కు కూడ చూడలే. నర్సమ్మ తలుపు తీసి, తెల్లబట్టల చుట్టిన పసిదాన్ని తెచ్చి ఆమె చేతులల్ల పెట్టింది.

"ఆడపిల్ల అమ్మా. తల్లి బాగనే ఉన్నది. గొంతు చూసినవా?"

"చూసిన" అన్నది సైదమ్మ. పిల్ల ఏడుస్తనే ఉన్నది. ఆమె ఏడవనిచ్చింది.

వాచ్‌మన్ ఆయాసపడుకుంట వచ్చిండు. "అమ్మా, పిట్టలు లేచిపోయినయి. మీ పడవ కింద పడ్డది, అడుగు పలిగింది. ఇక మీరు ఊరికి ఎట్ల పోతరు?"

సైదమ్మ పిల్ల మొగం మీద నుంచి కండ్లు తీయలే.

"ఫికర్ లేదు బిడ్డా" అన్నది. "ముగ్గురం ఆడోళ్లమే గదా, టికెట్ లేకుండ బస్సుల పోతం."